సాగరతీర మార్గంలో చివరి బస్సు
(రవాణా కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



పర్యాటక రంగం పెరిగితే ఉపాధి పెరుగుతుందని పాలకులు చెబుతూ వస్తున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే పర్యాటకుడు తీరానికి ఎట్లా చేరాలి అన్న ప్రశ్నకు ప్రణాళికలలో దొరికిన చోటు, అతనికి పక్క పరచి, పాత్రలు కడిగి, రాత్రి కాపలా కాసే మనిషి ఇంటికి ఎట్లా చేరాలి అన్న ప్రశ్నకు దొరకడం లేదు. నేటి నా ఉపన్యాసం ఈ రెండవ ప్రశ్నను గురించి.

విశాఖపట్నం–భీమునిపట్నం బీచి రోడ్డునే ఉదాహరణగా తీసుకుందాం. రామకృష్ణ బీచి నుండి లాసన్స్ బే, తెన్నేటి పార్కు, సాగర్ నగర్, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి వరకు సుమారు పాతిక కిలోమీటర్ల దారి ఇది. రైల్వే స్టేషను నుండి నడిచే 900కె సిటీ బస్సు ఈ దారికి ప్రాణనాడి వంటిది. 2020లో రుషికొండ తీరానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 ఆగస్టులో రామకృష్ణ బీచి–తొట్లకొండ మధ్య పర్యాటకుల కొరకు విద్యుత్ డబుల్ డెక్కర్ బస్సులను ప్రారంభించారు. 24 గంటలు చెల్లే టిక్కెట్టు ధర 500 రూపాయలని, అందులో సగం ప్రభుత్వం భరిస్తుందని ప్రకటించారు.

పర్యాటకుల బస్సును మనం వ్యతిరేకించడం లేదు. ఆ బస్సును నడిపేది కూడా కార్మికుడే. కాని విహారయాత్రకు సగం ఖర్చు భరించగలిగిన ప్రభుత్వం, పనివాని చివరి ట్రిప్పు వద్దకు వచ్చేసరికి లాభనష్టాల లెక్క తీయడం న్యాయమేనా అని మాత్రం అడుగుతున్నాం.

ఆ లెక్కను కూడా పరిశీలిద్దాం. రాత్రి చివరి ట్రిప్పు ఒక దిక్కున నిండుగా పోతుంది, మరొక దిక్కున ఖాళీగా తిరిగివస్తుంది. అందుచేత కిలోమీటరుకు రాబడి, అనగా మనం ఇ.పి.కె. అనేది, తక్కువగా కనబడుతుంది. డిపోలో బస్సు గాని సిబ్బంది గాని తక్కువైననాడు మొదట కత్తెర పడేది దానికే. ఆ తరువాత జరిగేది కాగితం మీద కనబడదు. రాత్రి తిరిగివచ్చే బస్సుకు నమ్మకం లేనివాడు మధ్యాహ్నం పనికి పోయేటప్పుడే బస్సు ఎక్కడం మానేస్తాడు. అప్పు చేసి మోటారు సైకిలు కొంటాడు, లేదా షేర్ ఆటోలో వేలాడుతూ పోతాడు. ఆ విధంగా చివరి ట్రిప్పు రద్దయితే పగటి ట్రిప్పుల రాబడి కూడా పడిపోతుంది. అప్పుడు వాటిని కూడా నష్టాల పద్దులో వేస్తారు. కనుక చివరి బస్సు రాబడిని విడిగా లెక్కించడం తప్పు. దినమంతటి రాకపోకలకు అది హామీ పత్రం వంటిది.

2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ తదితర బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించారు. తీరంలోని హోటళ్ళలో గదులు ఊడ్చే స్త్రీకి ఇది గొప్ప వెసులుబాటు. కాని ఉచిత హక్కు ఉండి బస్సే లేనినాడు ఆ హక్కుకు విలువ ఏమిటి? రద్దీ పెరిగి బస్సులు పెరగనప్పుడు ప్రయాణీకుల కోపం పడేది నిర్ణయాలు చేసినవారి మీద కాదు, ఎదురుగా నిలబడ్డ కండక్టరు మీద.

ఇక మన సిబ్బంది మాట. ఆదివారాలు, కార్తీక మాసపు వనభోజనాల రోజులు వస్తే బీచి రోడ్డు మీద వాహనం కదలదు. రన్నింగ్ టైము మాత్రం మామూలు రోజుదే. ఆలస్యమైన ప్రతి నిమిషమూ డ్రైవరు విశ్రాంతి నుండి కోసుకున్నదే. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పనిని, ఐదు గంటల పని తరువాత కనీసం అర్ధగంట విశ్రాంతిని నిర్దేశించింది. ఆ చట్టాన్ని వృత్తి భద్రత కోడ్‌లో విలీనం చేసి, 2025 నవంబరు 21న ఆ కోడ్‌ను అమలులోకి తెచ్చారు. చట్టం పేరు మారినా డ్రైవరు కంటికి కావలసిన నిద్ర మారలేదు. పాత చట్టం క్రింద సాధించుకున్నది ఏదీ కొత్త నియమావళిలో జారిపోకుండా కాపలా కాయవలసిన బాధ్యత యూనియనుదే. అదే కోడ్ మహిళలను వారి సమ్మతితో, భద్రతా షరతులకు లోబడి, రాత్రి ఏడు తరువాత కూడా పనిలో పెట్టుకోనిస్తున్నది. పనిలో ఉన్నంతసేపే భద్రత అనుకుంటే చాలదు. గుమ్మం చేరేవరకు భద్రత ఉండాలి.

ఇది విశాఖ సమస్య మాత్రమే కాదు. గోవాలో 1970 దశకం చివర విద్యార్థులు సగం ఛార్జీ కొరకు ఉద్యమించారు. 1980లో కదంబ రవాణా సంస్థ ఏర్పడింది. అయినా అక్కడ నేటికీ అనేక మార్గాలు ప్రైవేటు బస్సుల చేతిలోనే ఉన్నాయి. బస్సు అందని చోట ‘పైలట్లు’ అని పిలువబడే మోటారు సైకిలు టాక్సీవారు ఆ లోటు పూరిస్తున్నారు. ఆ పైలట్లు గాని, మన షేర్ ఆటో డ్రైవర్లు గాని మనకు శత్రువులు కారు. బస్సు లేని ఖాళీలో పొట్టపోసుకొంటున్న శ్రమజీవులు. వారిని కలుపుకొనే పోరాడాలి.

కనుక మన కోర్కెలు ఇవి:

1. తీరప్రాంత హోటళ్ళ షిఫ్టులు ముగిసిన తరువాతనే చివరి బస్సు బయలుదేరాలి. దానిని రద్దు చేయరాదు.
2. సెలవు దినాలకు వేరుగా రన్నింగ్ టైము నిర్ణయించాలి.
3. భీమిలి వైపు రాత్రి ఆగే సిబ్బందికి విశ్రాంతి గది, మంచినీరు, మరుగుదొడ్డి ఉండాలి. మహిళా కండక్టర్లకు వేరుగా ఉండాలి.
4. బస్సు అందని వేళ పనిచేయించుకునే యజమాని తన ఖర్చుతో కార్మికులను ఇంటికి చేర్చాలి.
5. చేపల గంపతో వచ్చే మత్స్యకార మహిళలకు ఉదయపు ట్రిప్పులలో చోటు కేటాయించాలి.
6. అద్దె బస్సుల డ్రైవర్లకు కూడా ఇవే పని గంటలు వర్తించాలి.

కోర్కెల పత్రం ఇచ్చినంత మాత్రాన పని కాదు. ప్రతి స్టాపులో వారం రోజులపాటు, రాత్రి ఎనిమిది మొదలు చివరి మనిషి పోయేవరకు, ఎందరు వేచి ఉన్నారో, ఏ బస్సు రాలేదో మన కార్యకర్తలు వ్రాసుకోవాలి. హోటలు కార్మికుల సంఘం, ఆటో కార్మికుల సంఘం, మత్స్యకారుల సంఘం కలిసి ఆ లెక్కతో డిపో మేనేజరు ముందు కూర్చోవాలి. వారి ఇ.పి.కె. లెక్కకు జవాబు మన ఈ లెక్కే.

బస్సు నడిపేవాడు, బస్సు కొరకు నిలబడినవాడు ఒకే వర్గం మనుషులు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగితే చివరి బస్సు వస్తుంది. ఆ పనికి ఈ తరగతి నుండే బయలుదేరుదాం.