కుండీలో గులాబి: కత్తెర ఎక్కడ పెట్టాలి?



ఈ వేళ పొలం మాటలు కాస్త పక్కన పెట్టి, పెరట్లో కుండీలో ఉన్న గులాబిని గూర్చి చెప్పుకొందాం. ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను.

మా అమ్మ పూజ కోసం కుండీలో ఎర్ర గులాబి పెంచేది. నేను డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన కొత్త. ఆ ఏడు వానలకు మొదటి నుంచి ఒక కొమ్మ ఏపుగా లేచింది. నేను సంతోషించి దానికి ఊతకర్ర కూడా కట్టాను. మరుసటి ఏడు దానికి గుత్తులు గుత్తులుగా చిన్న తెల్లపూలు పూచాయి. ఎర్ర గులాబి కాస్తా ఎండిపోయింది. "ఇది నా చెట్టు కాదురా" అన్నది అమ్మ.

ఆమె అన్నదే నిజం. నర్సరీలో కొనే అంటు గులాబి ఒక మొక్క కాదు, రెండు. అడుగున వేరు అడవి జాతిది. పైన కట్టిన కన్ను మేలు జాతిది. అంటు కట్టిన చోట బుడిపె కనబడుతుంది. దానికి దిగువ నుంచి వచ్చే పిలక ఎంత ఏపుగా ఉన్నా దొంగ పిలకే. ఆకులు లెక్కపెట్టి నిర్ణయించకండి. మట్టి తొలగించి, అది ఎక్కడ పుట్టిందో చూడండి. పైపైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. పుట్టిన చోటికంటా లాగి పెరికివేయవలెను.

ఇక అంటుకు పైనున్న కొమ్మల సంగతి. గులాబి పూసేది కొత్త చిగురు కొసన. కనుక కత్తిరింపుకు వెరవరాదు. మన ప్రాంతంలో వానలు వెనుకబట్టాక, అక్టోబరు నెల అనుకూలం. ఎండినవి, తెగులు తగిలినవి, ఒకదానితో ఒకటి రాసుకొనేవి, పుల్లల్లాంటివి మొదలంటా తీసివేయండి. బలమైన కొమ్మలు మూడు నాలుగు ఉంచి, సుమారు అడుగు ఎత్తున కోయండి. బలహీనమైన మొక్కను మాత్రం అంత పొట్టిగా కోయకండి. బయటివైపు చూచే కన్నుకు అర సెంటీమీటరు పైన, కన్ను వైపు ఎత్తుగా, వెనుకకు ఏటవాలుగా కోత ఉండాలి. కోసిన చోట లోపల గోధుమరంగు కనబడితే, తెల్లని బెండు వచ్చేదాకా ఇంకా కిందికి కోయాలి.

కోతలకు బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు వేరువేరుగా అర లీటరు నీళ్ళలో కలిపి, ఆపైన రెండూ కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు; మట్టిది గాని ప్లాస్టిక్ది గాని వాడండి.

తరువాత పైమట్టి రెండంగుళాలు తీసి, బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. ఆకులు లేని మొక్క నీరు తక్కువ తాగుతుంది. పైమట్టి ఆరితేనే పోయండి. రోజూ పోస్తే వేరు కుళ్ళుతుంది. కుండీ అడుగు చిల్లి పూడిపోకుండా చూసుకోండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఇలా చేస్తే ఆరేడు వారాలకు పూలు చూస్తారు.

విస్తరణ మిత్రులకు ఒక్క మనవి. ఇది నోటితో చెబితే ఎవరికీ ధైర్యం చాలదు. వారి కుండీ దగ్గరే కూర్చుండి, బుడిపె చూపించి, మొదటి కోత మీరు కోయండి. రెండోది వారిచేత కోయించండి.