శీర్షికాక్షరములు – పుట అంచు



పుస్తకము తెరచిన పాఠకుని కన్ను ముందుగా నిలుచునది శీర్షికపై. పెద్ద అక్షరముల శీర్షికయు, దాని క్రింది చిన్న పంక్తులును ఎడమ అంచున ఒకే గీతపై నిలువవలెను. కాని కంప్యూటరున కూర్చిన పుటలలో పలుమారులు శీర్షిక రవ్వంత లోపలికి జరిగినట్లుండును. యంత్రము లెక్క తప్పలేదు, కన్నును అబద్ధమాడదు. మరి దోషమెచట?

సీసపు అచ్చుల కాలమున అక్షరము దిమ్మపై నిలిచెడిది. ప్రక్క అక్షరమును తాకకుండుటకు ఇరువైపుల కొంత ఖాళీ యుండెడిది. సీసము పోయినను ఖాళీ పోలేదు. డొనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన ‘టెక్’ అను సాధనము అక్షరములను కనబడని పెట్టెలుగా నెంచి వరుసగా పేర్చును. పెట్టెలో సిరా ఎచట ఆరంభమగునో దానికి తెలియదు. అక్షరము పెరిగినకొలది ఖాళీయు, వడ్డీతో అప్పువలె, పెరుగును. 10 పాయింట్ల అక్షరమున అర పాయింటు ఖాళీ కంటికానదు. ఆరు రెట్లు పెంచిన అదియే 3 పాయింట్లు, అనగా ఒక మిల్లీమీటరుకు పైన.

ఒక శీర్షికను రెండంచులకును తాకింపవలెననుకొందము. పంక్తి పొడవు 392 పాయింట్లు. శీర్షిక పెట్టె వెడల్పు 100. అందు ఎడమ 1, కుడి 1 ఖాళీ. 392ను 100తో భాగించి 3.92 రెట్లు పెంచినచో పెట్టె అంచు చేరును గాని, సిరా ఇరువైపుల 3.92 పాయింట్లు లోపలనే నిలుచును. గట్లతో కలిపి కొలిచిన చేను సాగునేల లెక్క చెప్పునా? ఖాళీ తీసివేయగా సిరా 98. 392ను 98తో భాగించిన సరిగా 4 రెట్లు. పిదప పెట్టెను ఇరువైపుల 4 పాయింట్ల చొప్పున అంచు దాటనిచ్చిన సిరా గీతపై నిలుచును.

కొందరు ఈ శ్రమకోర్వక అక్షరమును అడ్డముగా మాత్రమే సాగదీయుదురు. అంచు కుదురును, అక్షరము చెడును.

లెక్క కుదిరినను కన్నుతో మరల చూడవలెను. ఠకారమువంటి గుండ్రని అక్షరము అంచును ఒక్క బిందువుననే తాకును గాన వెనుకబడినట్లు తోచును. దానిని మరికొంత వెలుపలికి జరుపవలెను. ఈ మెలకువ క్రొత్తది కాదు. గూటెన్‌బర్గు 1455 ప్రాంతమున ముద్రించిన 42 పంక్తుల బైబిలున పంక్తి చివరి విరుపుగీతలు అంచు వెలుపలనే యున్నవి. హాన్ థె థాన్ దీనిని ‘పీడీఎఫ్‌టెక్’ సాధనమున పొందుపరచి, 2000లో సిద్ధాంతవ్యాసముగా సమర్పించెను.

గ్రామములలో శుభలేఖలు, సంచికలు కూర్చు యువకులు ఒక్కటి గుర్తుంచుకొనిన చాలును: పెట్టెను గాక సిరాను కొలువవలెను. పాఠకుడు చూచునది సిరానే.