చివర నడిచేటోడే బ్యాచ్‌కు గట్టి లీడర్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఇయ్యాల మనకు తెలిసిన తొవ్వ గురించే మాట్లాడుకుందాం.

హనుమాన్ జయంతికి కొండగట్టుకు నడిచి పోతరు కదా. కోరుట్ల వాళ్లు జగిత్యాల మీదుగా, సిరిసిల్ల వాళ్లు వేములవాడ మీదుగా. పెద్ద జయంతి వైశాఖంలో, ఎండలు మండే రోజుల్లో వస్తది కాబట్టి చాలా బ్యాచులు రాత్రి నడుస్తయి. ఇరవై మందిని చీకట్లో, రోడ్డు మీద క్షేమంగా తీసుకుపోవడం చిన్న పని కాదు. ట్రెక్కింగ్ లీడర్ చేసేది కూడా అదే.

మనం జెండా పట్టుకొని ముందు ఉరికేటోడిని లీడర్ అంటం. కిలోమీటరు వెనుక కుంటుకుంట వస్తున్న పోరడి సంగతి ఆయనకు తెల్వదు. లారీలు తిరిగే రోడ్డు మీద ఒంటరిగా వెనుకబడ్డోడికే ముప్పు. అందుకే చివర ఒక గట్టి మనిషిని పెట్టాలి, చేతికి టార్చి ఇవ్వాలి. అందరికంటే మెల్లగా నడిచేటోడి వేగమే బ్యాచ్ వేగం. ఆగిన ప్రతిచోట మనుషులను లెక్కపెట్టాలి. ఇదంతా సులువే.

కష్టం ఎక్కడంటే, అరికాళ్లకు పొక్కులు లేసినా, కళ్లు తిరిగినా మనోడు చెప్పడు. "నా కోసం అందరు ఆగుడేంది" అని సిగ్గు. "అప్పుడే అయిపోయిందారా?" అని ఒక్కసారి నవ్వినమంటే, ఇగ ఆ రాత్రి ఎవ్వరూ నోరు విప్పరు.

మన పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎక్కిన ఎవరెస్ట్ ఉంది కదా, అదే పర్వతం మీద 1996 మే 10న రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ అనే పేరున్న ఇద్దరు లీడర్లు తమ బ్యాచులతో పైకి బయలుదేరారు. మధ్యాహ్నం 2 దాటితే మర్లాలన్నది లెక్క. 2 దాటినా చాలామంది ఎక్కుతనే ఉన్నరు. తుఫాను వచ్చింది. ఆ పర్వతం మీద మొత్తం 8 మంది పోయారు, ఆ ఇద్దరు లీడర్లు కూడా. హాల్ టీంలోనే ముగ్గురు మధ్యాహ్నం కాకముందే "ఇగ చాలు" అనుకొని మర్లిండ్రు. ముగ్గురూ బతికిండ్రు.

ఆ "ఇగ చాలు" అనే మాట మన బ్యాచ్‌లో ఎవరైనా భయం లేకుండా అనగలగాలి. దానికి బయలుదేరేటప్పుడే లీడర్ తన సంగతి ముందు చెప్పాలి: "నాకు మోకాలు నొప్పి ఉంది, నడుమనడుమ కూసుంట." అప్పుడు మిగతావాళ్ల నోళ్లు కూడా లేస్తయి. "బాగున్నవా?" అని అడగకండి, "బాగున్న" అనే అంటరు. పక్కన నడుస్తూ, "నీళ్లు ఎప్పుడు తాగినవ్? కాలు చూపియ్" అనండి. పెద్దమనిషైతే, "కాకా, నాకు కాళ్లు గుంజుతున్నయి, జరసేపు కూసుందామా?" అంటే చాలు, ఆయన మర్యాద ఆయనకుంటది.

మాట తడబడుతుంటే, మనిషి అయోమయంగా చూస్తుంటే మాత్రం అడుగుడు లేదు. నడక ఆపి, ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ, 108కి ఫోన్ చేయండి.

ఒట్టి పొక్కులే అయితే ఆటో ఎక్కించండి. గుట్ట కింద ఆగమనండి. మీరు చేరినంక మెట్లు కలిసి ఎక్కొచ్చు.