వాకిటి ముగ్గూ – వయసు మళ్లిన చేతులూ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ఇంటి అలంకరణ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. గుమాస్తాకీ అలంకరణకీ ఏం సంబంధమని మీరు నవ్వుకోవచ్చు. నేనూ ముందు నవ్వాను. అయితే ఈ రోజుల్లోనే ధనుర్మాసం కూడా మొదలవుతుంది కనుక, ముగ్గు గురించి మా ఇంట్లో జరిగింది చెబుతాను.

నేను 1971లో తాలూకా ఆఫీసులో చేరి 2008లో రిటైరయ్యాను. ఆ 37 ఏళ్లూ మా ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, కళ్లాపి చల్లి ముగ్గు పెట్టేది. బదిలీల మీద ఎన్ని అద్దె ఇళ్లు మారామో! సామాను లారీలోంచి దింపకముందే ఆవిడ గుమ్మం ముందు నాలుగు గీతలు గీసేది. అప్పటికి గాని అది మా ఇల్లనిపించేది కాదు. అయినా ఆ ముగ్గును నేను ఏనాడూ నిలబడి చూసినవాణ్ణి కాను. తొక్కకుండా దాటి ఆఫీసుకు పోయేవాణ్ణి, అంతే.

2019లో ఆమె మోకాళ్లు బాగా అరిగాయి. వంగవద్దు, కింద కూర్చోవద్దు అన్నారు డాక్టరుగారు. మా అబ్బాయి బజారునుంచి స్టిక్కరు ముగ్గు తెచ్చి గుమ్మం ముందు అతికించాడు. ఆమె చూసింది, ఏమీ అనలేదు. నాలుగు రోజులకే అది అంచులు లేచి మాసిపోయింది. అప్పుడు నేనే పూనుకున్నాను. రిజిస్టర్లలో నిలువు గళ్లు గీసీ గీసీ చెయ్యి తిరిగినవాణ్ణి గదా, చుక్కలు పెట్టడం ఎంత పని అనుకున్నాను.

ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందుచుక్క. అంటే మధ్య వరుస 7, అటూ ఇటూ 6, 5, 4. కూడితే 37. నా సర్వీసు ఎన్నేళ్లో అన్ని చుక్కలు! చుక్కలు కొలిచినట్టు వచ్చాయి. మెలిక దగ్గరే చిక్కు. గీతల ముగ్గులో చుక్కను చుక్కతో కలుపుతాం. మెలికల ముగ్గులో గీత చుక్కను ముట్టకుండా చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే రావాలి. నా గీత ఎక్కడెక్కడికో పోయింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, "ఏమండీ, అది పద్దుల పుస్తకం కాదు. చెయ్యి కాస్త వదలండి" అంది. పది రోజులకు చెయ్యి వదిలింది. పొద్దున్నే ఆ పిండి వేళ్ల సందునుంచి జారుతుంటే మనసుకి ఎంత హాయిగా ఉండేదో! ఇరుగుపొరుగువారు మెచ్చుకున్నారు. నేనూ ఉబ్బిపోయాను.

ఆ సంబరంలో ఒకటి గమనించలేదు. నాలుగున్నరకు లేచే మనిషి ఏడింటిదాకా గోడవైపు తిరిగి పడుకుంటోంది. నొప్పులు గాబోలనుకున్నాను. ఒకరోజు తనే అంది: "మీ ముగ్గు బాగానే కుదిరిందండీ. నా చేతులే ఊరికే ఉన్నాయి."

మిత్రులారా, నాకు 58 ఏళ్లకు రిటైర్మెంటు ఇచ్చినప్పుడు ఉత్తర్వు ఇచ్చారు, దండ వేశారు, పెన్షనిచ్చారు. ఆమెకు అవేవీ లేకుండా రిటైర్మెంటు ఇచ్చింది ఎవరు? నేనే. సాయం చేస్తున్నాననుకుంటూ, ఆమెకు ఇష్టమైన ఒక్క పనీ లాక్కున్నాను.

ఆ మధ్యాహ్నమే పాత బీరువా తలుపు చెక్కను దించి, నల్లబల్లకు వేసే రంగు రెండు పూతలు వేశాను. వరండాలో బల్లమీద, ఆవిడ కుర్చీ ఎత్తుకు సరిగ్గా అమర్చాను. మర్నాడు చూద్దును గదా, నాకంటే ముందే లేచి కూర్చుంది. చెయ్యి వణికి ఒకచోట గీత తెగింది. దాన్ని చెరపలేదు. ఆ తెగినచోట ఒక ఆకు వేసి, ఇటువైపూ అలాంటిదే ఇంకొకటి వేసింది. చక్కని తీగ ముగ్గయింది. ఇప్పుడు గుమ్మం ముందు ముగ్గు నాది, చెక్కమీదది ఆమెది. నా మెలికలు నేటికీ ఆమె దిద్దుతూనే ఉంది.

మీలో ఎవరైనా చేయదలిస్తే నా అనుభవం ఇది. పెద్ద ఖర్చు లేదు. చెక్క లేకపోతే పెద్ద పలకైనా చాలు. సుద్దముక్కను నీళ్లలో ముంచి గీస్తే, ఆరిన తర్వాత గీత తెల్లగా, దట్టంగా కనబడుతుంది. నానబెట్టిన బియ్యం రుబ్బి, పలుచని గుడ్డ ముంచి వేసే తడి ముగ్గు కొన్నాళ్లు నిలుస్తుంది. వరిపిండి అయితే చీమలకు ఆహారం, రాతి ముగ్గుపిండి అయితే చూపుకే. మామిడాకులు తెంపితే తోరణం, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు బంతిపూలు, ఒక నందివర్ధనం వేస్తే మరో అలంకారం. ఒక్క హెచ్చరిక: ఫ్లాట్లలో నున్నని టైల్స్ మీద పొడి గాని తడి గాని ఉంటే కాలు జారుతుంది. మన వయసులో పడితే కష్టం. నడిచే దారిలో కాక, పక్కకు వేయండి.

కుటుంబ పెన్షను తీసుకుంటున్న సోదరీమణులు కూడా ఇక్కడున్నారు. భర్త పోయాక ముగ్గు ముట్టకూడదనే పట్టింపు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. మనిషి పోయినంత మాత్రాన చేతిలోని విద్య పోదు గదా! ఆ పిండి గిన్నె వారి చేతికి మీరే ఇవ్వండి.

కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు ఒక మనవి. పెద్దవాళ్లకు విశ్రాంతి ఇవ్వండి, వద్దనను. కాని "నువ్వెందుకమ్మా, మేం చేస్తాంలే" అనేముందు, ఆ పని ఆమెకు బరువా, బలమా అని ఒకసారి అడగండి. బరువైతే దించండి. బలమైతే, దాన్ని ఆమెకు అందే ఎత్తులో పెట్టండి.

కాలాతీతమైంది. ఇంటికి వెళ్లి రేపటికి పిండి జల్లించుకోవాలి. సెలవు.