వేలిముద్ర వేసే ముందు
(రాత్రిబడిలో టీచరు చెప్పిన మాటలు)



పోయిన నెల మన రాత్రిబడికి ఒక అక్క వచ్చింది. ఆమెది పక్క ఊరు. కొంగుముడి విప్పి ఒక స్టాంపు కాగితం తీసింది. "టీచరమ్మా, ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టు" అంది.

నేను చదివాను. "నా ఇష్టంతోనే నా భర్తను విడిచిపెడుతున్నాను. నాకు భరణం అక్కరలేదు" అని రాసి ఉంది. కింద ఆమె వేలిముద్ర ఉంది.

అక్క ముఖం పాలిపోయింది. "రాజీ కాగితం అన్నారమ్మా. ఇకమీద మీ ఇద్దరికీ గొడవలుండవు, వేలు వెయ్యమన్నారు. వేశాను" అంది. రెండు నెలలు తిరక్కుండానే మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అడిగితే, "పెద్దల ముందు విడిపోయాం. మా కులంలో ఇదే ఆచారం" అన్నాడట.

మరి ఆ కాగితం చెల్లుతుందా? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

పెళ్ళి ఆచారాలను చట్టం కొట్టిపారెయ్యలేదు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. పెళ్ళికూతురి వైపు ఆచారం ప్రకారమైనా, పెళ్ళికొడుకు వైపు ఆచారం ప్రకారమైనా పెళ్ళి జరగవచ్చని అందులో ఉంది.

మేనరికమే చూడండి. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకోవడం మన దగ్గర మామూలే. అంత దగ్గరి చుట్టరికంలో పెళ్ళి కూడదని చట్టం అంటుంది. కానీ ఇద్దరి వైపులా ఆ ఆచారం ఉంటే ఒప్పుకుంటుంది. అలాగే ఏదైనా కులంలో పెద్దల ముందు విడాకులు ఇచ్చుకునే ఆచారం ఉంటే, దాన్నీ కాదనదు.

"అయితే ఆ అక్క పని అయిపోయినట్టేనా?" అంటారేమో. ఆగండి.

"ఇది మా ఆచారం" అని నోటితో అంటే చాలదు. ఉందన్నవాళ్ళే దాన్ని కోర్టులో రుజువు చెయ్యాలి. ఆ ఆచారం ఎంతో కాలం నుంచి, ఎడతెగకుండా, ఒకే తీరుగా నడుస్తూ ఉండాలి. అది అన్యాయమైనది కాకూడదు. రుజువు కాకపోతే ఆ విడాకులు లేనట్టే. మొదటి పెళ్ళి నిలిచి ఉన్నట్టే. అప్పుడు మొగుడు చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదు. పైగా అది నేరం. ఏడేళ్ళ వరకూ జైలు పడవచ్చు. మోసం చేసి వేలిముద్ర వేయించారని కూడా కోర్టులో చెప్పుకోవచ్చు.

ఇక భరణం మాట. విడాకులైనా సరే, మళ్ళీ పెళ్ళి చేసుకోని ఆడమనిషి తన పొట్ట తాను పోసుకోలేకపోతే భరణం అడగవచ్చు. "అక్కరలేదు" అని రాయించుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

ముస్లింలకూ, క్రైస్తవులకూ పెళ్ళి చట్టాలు వేరుగా ఉన్నాయి. గిరిజనులకు చాలావరకు వారి ఆచారమే నడుస్తుంది.

అన్నిటికీ పైన మన రాజ్యాంగం ఉంది. అది 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. చట్టంలా నడిచే ఆచారమైనా సరే, ప్రాథమిక హక్కులకు అడ్డం వస్తే చెల్లదని అందులోని 13వ అధికరణం చెబుతోంది. చిన్నపిల్లల పెళ్ళిళ్ళకూ ఆచారం సాకు కాదు. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్ళు నిండాలి.

మరి మనం ఏం చెయ్యాలి?

పెళ్ళిని రిజిస్టరు చేయించుకోవాలి. 2002 చట్టం ప్రకారం మన దగ్గర అది తప్పనిసరి. శుభలేఖ, ఫొటోలు దాచుకోవాలి. చిక్కు వస్తే 15100కు ఫోను చెయ్యాలి. న్యాయ సేవల సంస్థ వాళ్ళు పలుకుతారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు.

ఆ అక్కకూ అలాగే వకీలు దొరికాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఆమె ఇప్పుడు రోజూ మన బడికి వస్తోంది. మొన్న హాజరు పుస్తకం ఇచ్చి సంతకం పెట్టమన్నాను. వెంటనే పెట్టలేదు. పైన ఏం రాసి ఉందో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ తర్వాతే పెట్టింది.

మనం కూడా అలాగే చేద్దాం. చదవనిదే సంతకం వద్దు. వేలిముద్ర అసలే వద్దు.