గోడకు అటువైపు తరగతి గది
(విద్యార్థులు, తల్లిదండ్రుల సదస్సులో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను 'కళాశాలలు, సామాజిక న్యాయం' అనే అంశం మీద మాట్లాడమన్నారు. ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుని, ఆ తర్వాత అంశంలోకి వస్తాను.

నేను ఒక డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతున్న రోజుల్లో, రెండో సంవత్సరం చదువుతున్న నా విద్యార్థి ఒకడిని పోలీసులు ఒక కేసులో అరెస్టు చేశారు. నెలన్నర తర్వాత అతని తల్లి స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో కొడుకు రికార్డు పుస్తకం ఉంది. "సార్, పరీక్ష ఫీజు కట్టే గడువు రేపటితో అయిపోతుందట. మావాడి తరఫున నేను కట్టవచ్చా?" అని అడిగింది. "కనుక్కుంటానమ్మా" అన్నాను. కనుక్కోలేదు. ఆ కుర్రవాడి పేరుతో నా పేరు ముడిపడుతుందేమోనని భయపడ్డాను. విచారణలో ఉన్న ఖైదీ కూడా న్యాయస్థానం అనుమతితో పరీక్ష రాయవచ్చునని నాకు తెలిసేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. మరికొంత కాలానికి అతడు నిర్దోషిగా బయటికి వచ్చాడు. డిగ్రీ మాత్రం పూర్తికాలేదు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు లేని జవాబును వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈ రోజు మీతో పంచుకుంటాను. అందులో ఎక్కువ భాగం అమెరికా అనుభవం. జైలుకు, కళాశాలకు మధ్య దారి వేయడం, ఆ దారిని మూసేయడం, మళ్లీ తెరవడం అన్నీ అక్కడ జరిగాయి. కనుక మనకు నేర్చుకోవలసింది ఉంది.

1971 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆటికా కారాగారంలో ఖైదీలు తిరుగుబాటు చేశారు. ప్రభుత్వం బలగాలను దింపింది. ఆ ఘటనలో మొత్తం 43 మంది మరణించారు. ఆ గందరగోళంలో బందీలుగా చిక్కిన ఉద్యోగులకు హాని జరగకుండా కాపలా కాసినవారు నల్లజాతి ముస్లిం ఖైదీలు. ఖైదీల కోరికల జాబితాలో మంచి తిండి, వైద్యం, మతస్వేచ్ఛలతో పాటు మెరుగైన చదువు కూడా ఉంది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో అమెరికా జైళ్లలో కళాశాల తరగతులు వందల సంఖ్యలో వెలిశాయి. పేద విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటు అనే ప్రభుత్వ సహాయం ఖైదీలకు కూడా అందడమే అందుకు ఆధారం.

1994లో వచ్చిన నేర నియంత్రణ చట్టం ఆ సహాయాన్ని ఆపేసింది. పెల్ సొమ్ములో ఖైదీలకు వెళుతున్నది నూటికి ఒక వంతుకన్నా తక్కువే. అయినా "కష్టపడి చదివే పిల్లల సొమ్ము నేరస్తులకా?" అన్న నినాదం ముందు లెక్కలు నిలవలేదు. కొద్ది ఏళ్లలోనే జైలు కళాశాలలు దాదాపు అన్నీ మూతపడ్డాయి.

మూతపడిన తలుపును మళ్లీ తట్టినవారిలో విద్యార్థులూ ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కళాశాలలో డిగ్రీ చదువుతున్న మాక్స్ కెనర్ అనే యువకుడు, తన కళాశాల జైలులో తరగతులు ఎందుకు నడపకూడదని 1999లో అడగడం మొదలుపెట్టాడు. 2001 నాటికి ఈస్టర్న్ అనే గరిష్ఠ భద్రతా కారాగారంలో మొదటి తరగతి మొదలైంది. అది నేటి బార్డ్ ప్రిజన్ ఇనిషియేటివ్. బయటి విద్యార్థులకు ఎంత కఠినమైన మూల్యాంకనం ఉంటుందో లోపలి వారికీ అంతే. ఖైదీ కదా అని మార్కులు దానం చేయరు. పట్టా కూడా అదే పట్టా.

2015లో ఆ జైలు విద్యార్థుల వాదనా బృందం హార్వర్డ్ విశ్వవిద్యాలయ బృందాన్ని ఓడించింది. వారికి ఇంటర్నెట్ లేదు. కావలసిన ప్రతి పుస్తకానికీ జైలు అధికారుల అనుమతి కావాలి. పైగా వారికి వచ్చిన పక్షం వారు నమ్మనిది. పత్రాలు లేని వలస కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలు ప్రవేశం నిరాకరించవచ్చునని వారు వాదించవలసి వచ్చింది. తమకు నచ్చని మాటను కూడా అవతలివాడి బుర్రతో ఆలోచించి వాదించడం చదువు నేర్పే గొప్ప క్రమశిక్షణ. జైలు గోడ లోపల ఆ క్రమశిక్షణ సాధ్యమేనని వారు నిరూపించారు.

రెండో ఉదాహరణ ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానిది. అక్కడ లోరీ పోంపా అనే అధ్యాపకురాలు 1997లో 'ఇన్‌సైడ్ అవుట్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించారు. తరగతిలో సగం మంది కళాశాల విద్యార్థులు, సగం మంది ఖైదీలు. ఒకే పుస్తకాలు, ఒకే వ్యాసాలు, గుండ్రంగా వేసిన ఒకే వరుస కుర్చీలు. బయటివారు లోపలివారికి సేవ చేయడానికి వెళ్లరు, వారిని పరిశీలించడానికీ వెళ్లరు. కలిసి చదవడానికి వెళతారు. ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన నియమం. రంజాన్ మాసంలో జైలుకు పండ్ల బుట్టలు తీసుకువెళ్లి ఫొటోలు దిగి వస్తున్నాం. అది పుణ్యకార్యమే, కాదనను. కాని పండు పంచినవాడు పై మెట్టు మీద ఉంటాడు, అందుకున్నవాడు కింది మెట్టు మీద ఉంటాడు. ఒకే బల్ల మీద ఒకే పుస్తకం తెరిచినప్పుడు ఆ మెట్లు ఉండవు.

ఫలితాలేమిటని మీరు అడగవచ్చు. రాండ్ అనే పరిశోధనా సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, జైలులో చదువుకున్నవారు మళ్లీ జైలుకు వచ్చే అవకాశం చదువుకోనివారితో పోలిస్తే 43 శాతం తక్కువ. చదువు మీద పెట్టిన ఒక డాలరుకు, తిరిగి ఖైదు చేసే ఖర్చులో నాలుగైదు డాలర్లు మిగులుతాయి. ఇలాంటి లెక్కలు, పూర్వ ఖైదీల సుదీర్ఘ పోరాటం కలిసి అమెరికా పార్లమెంటు మనసు మార్చాయి. 2020 డిసెంబరులో చేసిన చట్టంతో, 2023 జులై 1 నుంచి పెల్ గ్రాంటు ఖైదీలకు తిరిగి లభిస్తోంది. మూసిన తలుపు తెరవడానికి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది.

ఇదే బార్డ్ కళాశాల 2009 నుంచి పాలస్తీనాలో అల్ ఖుద్స్ విశ్వవిద్యాలయంతో కలిసి అబూ దీస్‌లో ఒక కళాశాల నడుపుతోంది. ఒక సంస్థ తన తరగతి గదిని జైలు గోడ దాటించింది, దేశ సరిహద్దూ దాటించింది. ఈ రెంటి వెనుకా ఉన్న ఆలోచన ఒక్కటేనని నాకు తోచింది. మనకు తెలియని మనిషిని అతని చోటికే వెళ్లి కలుసుకుని, అతనితో సమానంగా కూర్చుని చదవాలి.

ఈ రెండు ప్రయాణాలూ ఒకే జీవితంలో కనిపించేది మాల్కం ఎక్స్‌లో. మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్‌ఫోక్ జైలులో ఆయన నిఘంటువును మొదటి పుట నుంచి చేత్తో రాసుకుంటూ చదువు నేర్చుకున్నారు. అక్కడి వాదనా పోటీల్లోనే మాట్లాడటం నేర్చుకున్నారు. 1964లో హజ్ యాత్రకు వెళ్లి, అన్ని రంగుల మనుషులతో ఒకే పళ్లెంలో తిన్న తర్వాత, తెల్లవారందరి గురించి తనకున్న అభిప్రాయాన్ని మార్చుకున్నారు. జైలు ఆయనకు అక్షరాలు ఇస్తే, ప్రయాణం చూపునిచ్చింది.

మన సంప్రదాయానికి కూడా ఈ విషయం కొత్తది కాదు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో విమోచన ధనం చెల్లించలేనివారు, చదవను రాయను వచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి అక్షరాలు నేర్పితే దైవప్రవక్త (సల్లం) వారిని విడుదల చేశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. శత్రువుల ఖైదీ మన పిల్లలకు గురువు కాగలిగినప్పుడు, మన ఊరి ఖైదీ మన పిల్లలకు సహాధ్యాయి కాలేడా?

ఇక మన దేశానికి వద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు 14.2 శాతం. 2015 నాటి జైలు నివేదికలో విచారణ ఖైదీలలో ముస్లింలు 20.9 శాతం, శిక్ష పడినవారిలో 15.8 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడాను జాగ్రత్తగా గమనించండి. శిక్ష పడినవారిలో కన్నా, తీర్పు కోసం ఎదురుచూస్తున్నవారిలో మనవాళ్ల వాటా ఎక్కువ. ఆ ఎదురుచూపుల ఏళ్లలో చదువుకునే వయసులో గడిచిపోయేవీ ఉన్నాయి.

మన దగ్గర ఏమీ లేదని చెప్పడం న్యాయం కాదు. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1994లోనే తిహార్ జైలులో అధ్యయన కేంద్రం తెరిచింది, ఖైదీలకు ఫీజు మినహాయించింది. హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా కేంద్ర కారాగారాల్లో కోర్సులు అందిస్తోంది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక అప్పీలులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ చదువుకున్న ఒక యువ ఖైదీ శిక్ష తగ్గిస్తూ, అతనికి బుద్ధికి పదును పెట్టే పని ఇవ్వాలని ఆదేశించారు.

అయితే ఈ ఏర్పాట్లు శిక్ష పడి ఒకేచోట ఏళ్ల తరబడి ఉండేవారికి ఉపయోగపడినంతగా విచారణ ఖైదీకి ఉపయోగపడవు. అతడు రేపు విడుదల కావచ్చు, అయిదేళ్లు ఉండిపోనూ వచ్చు. మధ్యలో మరో జైలుకు మార్చవచ్చు. పరీక్షకు వెళ్లాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి, వెంట పోలీసులు కావాలి. ఆ దరఖాస్తు రాసే మనిషి లేకపోతే హాల్ టికెట్ ఎవరి సొరుగులోనో ఉండిపోతుంది.

విదేశీ విద్య తలుపు కూడా అతనికి ఇక్కడే మూసుకుపోతుంది. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు గరిష్ఠంగా 20 లక్షల రూపాయల ఉపకారవేతనం ఇచ్చే పథకం తెచ్చింది. ఎన్నో కుటుంబాలు దానివల్ల బాగుపడ్డాయి. కేంద్రం మాత్రం విదేశీ విద్యా రుణాలపై వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పథకాన్ని, పరిశోధకులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేసింది. వీటి గురించి మనం సభలు పెట్టాం, వినతిపత్రాలు ఇచ్చాం. మంచిదే. కాని క్రిమినల్ కేసు విచారణలో ఉన్న వ్యక్తికి 1967 నాటి చట్టం ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప దారి లేదు. పెండింగులో ఉన్న ఒక్క కేసు ఇక్కడి డిగ్రీని, అక్కడి సీటును ఒకేసారి మింగేస్తుంది. అతని కోసం మనం ఎన్ని వినతిపత్రాలు ఇచ్చాం?

ఇక్కడ కూర్చున్న తల్లుల మనసులోని మాట నాకు తెలుసు. "మా పిల్లల ఫీజులకే దిక్కులేదు, జైలువాళ్ల సంగతి మాకెందుకు? మావాడు జైలుకు వెళ్లి చదువు చెబితే రేపు సంబంధాలు వస్తాయా?" ఈ భయాన్ని నేను తప్పుపట్టను. అదే భయం నన్నూ నోరు మూయించింది. న్యూయార్క్ గవర్నరు కూడా 2014లో జైలు కళాశాలలకు ప్రభుత్వ నిధులు ప్రతిపాదించి, ఇలాంటి వ్యతిరేకతకే వెనక్కి తగ్గారు. జైలులో ఉన్నవారందరూ అమాయకులని కూడా నేను అనను. నిజంగా నేరం చేసినవారున్నారు, వారి వల్ల నష్టపోయిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ కుటుంబాలకు కూడా మేలు జరిగేది, నేరం చేసినవాడు మళ్లీ అదే మనిషిగా బయటికి రానప్పుడే.

చేయదగిన పనులు నాలుగు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ప్రతి జిల్లాలో ఇద్దరు న్యాయవాదులు, ఇద్దరు అధ్యాపకులు కలిసి, అరెస్టయిన విద్యార్థి పరీక్ష కోసం కోర్టులో దరఖాస్తు వేసే బాధ్యత తీసుకోవాలి. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఇచ్చింది. దాన్ని అడిగేవారు కావాలి.

రెండోది, మన యాజమాన్యాల్లోని కళాశాలలు జాతీయ సేవా పథకం గంటల్లో కొన్నింటిని, జైలు శాఖ అనుమతితో, ఉమ్మడి తరగతులకు కేటాయించాలి. ఏ మతం వాడన్నది చూడకూడదు. విచారణ ఖైదీలలో దళితులు, ఆదివాసులు కూడా తమ జనాభాను మించి ఉన్నారు.

మూడోది, ఉపకారవేతనంతో విదేశాలకు వెళ్లే మన పిల్లలు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కార్యక్రమాలు ఎలా నడుస్తున్నాయో చూసి రావాలి. వీలైతే వాటిలో చేరాలి. ఇరవై లక్షలు ప్రజల సొమ్ము. ఆ రుణం తీర్చుకునే మార్గాల్లో ఇదొకటి.

నాలుగోది, నిర్దోషిగా విడుదలైనవాడికి మన కళాశాలల్లో సీటు ఇవ్వాలి. వయసు మీరిందనో, నలుగురూ ఏమంటారోననో వెనక్కి పంపకూడదు.

నేను చెప్పిన ఆ విద్యార్థి ఇప్పుడు తాను చదివిన కళాశాలకు ఎదురుగానే ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తున్నాడు. ఫలితాల రోజుల్లో పిల్లల మార్కుల జాబితాలన్నీ అతని చేతుల మీదుగానే పోతాయి. కిందటి ఏడు నేను ఏదో కాగితం కోసం వెళితే గుర్తుపట్టి సలాం చేశాడు, డబ్బులు తీసుకోలేదు. ఇన్నాళ్లకు ధైర్యం చేసి, సార్వత్రిక విశ్వవిద్యాలయం దరఖాస్తు ఫారం అతని ముందు పెట్టాను. "ఇంట్లో అమ్మను అడిగి చెబుతాను సార్" అన్నాడు. మరుసటి వారం ఫారం నింపి తెచ్చాడు. తల్లి సంతకం అవసరం లేని చోట కూడా ఆమె సంతకం ఉంది.

ఆమె అడిగిన ప్రశ్నకు నేను చాలా ఆలస్యంగా జవాబు చెప్పాను. మీలో అధ్యాపకులున్నారు, న్యాయవాదులున్నారు. రేపు మీ గుమ్మం దగ్గరికి ఇలాంటి తల్లి వచ్చినప్పుడు "కనుక్కుంటానమ్మా" అని ఊరుకోకండి. ఆ రోజే కనుక్కోండి.

 అల్లాహ్ మనందరికీ న్యాయం పక్షాన నిలిచే శక్తిని ప్రసాదించుగాక.