“మీ యింట నెట్లు?”



సంఘసేవకు దయ చాలును గదా, చదువెందుకని కొందరడుగుదురు. మన దేశమున ఆ చదువు పుట్టిన చోటు చూచిన సమాధానము దొరకును. బొంబాయిలోని నాగ్‌పాడా పేటలో హిందువులు, ముస్లిములు, యూదులు, క్రైస్తవులు ఇరుగుపొరుగున నుండెడివారు. అచట సేవాగృహమును నడపిన క్లిఫర్డ్ మాన్‌షర్ట్ గారే, 1936లో టాటా ట్రస్టు నెలకొల్పిన తొలి సంఘసేవా విద్యాలయమునకు సంచాలకులైరి. 1947లో దేశము చీలినపుడు ఆ సంస్థవారు కురుక్షేత్రమున శరణార్థులకు సేవచేసిరి.

రంజాన్ ఉపవాసమున నున్న మధుమేహ రోగికి మూడుపూటల మందు వాడుమని చెప్పి పంపినచో, అతడు మర్యాదకు తల యూపును. పగటి మందు మానును. ప్రాణాపాయమునకు కారణము అతని భక్తి కాదు, మన మడుగకపోవుట. ప్రొద్దు క్రుంకిన పిదప వడ్డించిన అన్నమును నిష్ఠగల జైనుడు ముట్టడు.

అయితే, మతమును గూర్చి పుస్తకమున చదివి, మనిషి తెలిసెననుకొనుటయు పొరపాటే. ఒకే మతమున ఇంటింటి ఆచారము వేరు. కావున “మీ యింట నెట్లు?” అని వినయముతో నడుగుటయే ఈ విద్యకు ఓనమాలు.

బదిలీలపై రాష్ట్రములు తిరుగు మనము ప్రక్క క్వార్టరువారిని విందుకు పిలుచునపుడు ఈ మాట అడుగుచునే యున్నాము. విందుకు అవసరమైన ప్రశ్న, ఆపదలో మరింత అవసరము గాదా?